అత్తగారి రేసు

ఆదివారం పొద్దున్నే అత్తగారు జుట్టు బిగించి ముడేసుకుని, "సంగీతం క్లాసుకి వెళ్ళొస్తానమ్మా" అంటూ గడప దాటారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా కోడలు ఆవిడ కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. పాట నేర్చుకోవడానికి బూట్లెందుకు?

కొన్ని వారాలుగా ఆమెకిదే ఆరా. లెక్కల టీచరుగా రిటైరైన అత్తగారు ఏనాడూ కూనిరాగమైనా తీసి ఎరగరు. పైగా ఆవిడ విడిచిన బట్టలు పెట్రోలు వాసన కొడుతున్నాయి. భర్తతో అంటే, "కాలక్షేపానికి వెళ్తోంది, పోనిద్దూ" అని కొట్టిపారేశాడు.

ఆ రోజు మాత్రం ఆమె ఊరుకోలేదు. భర్తను లేవదీసి, స్కూటర్ మీద అత్తగారి వెనకే బయల్దేరింది.

ఊరి చివర పెద్ద మైదానం. చుట్టూ తారు రోడ్డు, జనం, కేకలు. 'కార్ల క్లబ్బు పందేలు. వచ్చిన విరాళాలతో మన ఊరికి అంబులెన్సు' అని గుడ్డ మీద రాసి కట్టారు. వరసగా నిలబడ్డ కార్లలో ఓ ఎర్ర కారు. అందులో హెల్మెట్ పెట్టుకుని అత్తగారు!

జెండా ఊగింది. ఎర్ర కారు రివ్వున మలుపు తిరిగింది. కోడలికి భయం వెయ్యాల్సిన చోట, ఇది ఎక్కడ నేర్చుకున్నారో అన్న కుతూహలమే పట్టుకుంది. భర్త మొహం మాత్రం పాలిపోయింది. చివరి నుంచి రెండో స్థానంలో వచ్చి, నవ్వుతూ దిగిన తల్లికి ఎదురెళ్ళాడు.

"ఇదా నీ సంగీతం? నాన్న ఎలా పోయారో మర్చిపోయావా? కారులోనే కదమ్మా!"

అత్తగారి నవ్వు ఆగిపోయింది.

"మర్చిపోతే ఇక్కడికెందుకొస్తానురా? గుండె పట్టుకుని ఆయన బండి పక్కకి ఆపేశారు. తాళం ఉంది, పెట్రోలుంది. వంతెన దాటితే ఆస్పత్రి. నాకు నడపడం రాదు. రోడ్డు మీద చెయ్యూపుతూ నించున్నాను."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడగలేదు. అడిగితే ఏడుస్తాననుకున్నావు."

కోడలు మెల్లగా అడిగింది. "మరి నేర్చుకున్నానని మాకు చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"నేర్చుకున్నాననైతే చెప్పేదాన్నే. నేర్చుకున్నాక ఇది నాకు తెగ నచ్చేసింది. ఆయన పోయాక నాకో సరదా పుట్టిందని ఏ మొహంతో చెప్పనమ్మా?"

పందేలన్నీ అయ్యాక, విరాళమిచ్చిన వాళ్ళని ఓ రౌండు తిప్పుతామని మైకులో పిలిచారు. కొడుకు వెళ్ళి డబ్బు కట్టి, తనకీ భార్యకీ హెల్మెట్లు తెచ్చాడు. తల్లి పక్కన అతను, వెనక సీట్లో కోడలు.

అత్తగారు నెమ్మదిగా పోనిచ్చారు. మొదటి మలుపులో కొడుకు గొంతు సవరించుకున్నాడు.

"నాన్న చివర్న ఏమన్నా అన్నారా అమ్మా?"

"'కంగారుపడకు, ఎవరో ఒకరు ఆగుతారులే' అన్నారు."

అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. అతని భుజాలు కదిలిపోతుంటే కోడలు వెనక నుంచి చెయ్యి వేసింది. రోడ్డు తిన్నగా పరుచుకున్న చోటికి వచ్చాక అతను మొహం ఇటు తిప్పాడు.

"ఇంకాస్త స్పీడుగా పోనీ అమ్మా."

అత్తగారు గేరు మార్చారు.