నీకేం తక్కువ

ఉదయం తొమ్మిదిన్నరకు తల్లి ఇస్త్రీ చేసిన కోటును చిన్నకొడుకు భుజాలకు తొడిగింది. అది పెద్దకొడుకు కోటు. అతడు పోయి ఎనిమిది నెలలు. కోటు తమ్ముడికి అచ్చంగా సరిపోయింది. ఆ సరిపోవడం చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"చేతులు జేబుల్లో పెట్టకు. గోళ్లలో ఇంకా సున్నం ఉంది."

"సున్నం కాదమ్మా, ప్లాస్టర్. నిన్న ఒకాయన మోకాలికి అచ్చు తీశాను."

"ఏదైతేనేం, ఇవాళ్టితో వదులుతుంది."

"కోటు తొడిగావు సరే, ఇందులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పు."

ఆసుపత్రి వెనక వర్క్‌షాపులో కృత్రిమ కాళ్లు తయారు చేయడం అతడి పని. బంధువులు అడిగినప్పుడల్లా తల్లి, "పెద్దవాడు సెటిలయ్యాడు, చిన్నవాడు ఇంకా లేదు" అనేది. ఆ మాట ఎంతగా అలవాటైందంటే, పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి తాను కూడా అలాగే చెప్పుకునేవాడు. ఇప్పుడు అన్న నడిపిన కంపెనీవాళ్లు ఆ స్థానంలో తమ్ముణ్ణి కూర్చోమన్నారు. ఈ రోజే వెళ్లి సంతకం చేయాలి. తల్లి ముఖం చూసి అతడు సరేనన్నాడు.

పావుతక్కువ పదికి తల్లి గబగబా వెళ్లి ఫోను తీసింది. చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు నిలబడి, మెల్లగా దించింది.

"ఎవరమ్మా?"

"మోగినట్టయింది."

భర్త పోయాక అత్తగారి దగ్గరే ఉంటున్న పెద్దకోడలు లోపలి గదిలోంచి వచ్చింది. "రోజూ మోగుతోందా అత్తయ్యా?"

"రోజూ. వాడు ఈ వేళకే చేసేవాడు కదా."

"ఏమనేవారు?"

"ఏముంది? ఊరికే చేశానమ్మా అనేవాడు. అంత ఆఫీసు, అంత పేరు, నీకేం తక్కువరా, వెళ్లి పని చూసుకో అనేదాన్ని. నవ్వి పెట్టేసేవాడు."

"ఎక్కడినుంచి చేసేవారో తెలుసా?"

"ఆఫీసు నుంచి."

"ఆఫీసు కింద, కారులోంచి. దిగలేక. రోజూ అరగంట అలా కూర్చునేవారని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. నాతో ఒక్కసారి అన్నారు, దిగలేకపోతున్నానని. నేనూ మీరన్న మాటే అన్నాను. ఆ తర్వాత మీకు చేయడం మొదలుపెట్టారు. చివరికి గుండె ఆగింది కూడా ఆ సీట్లోనే కదా. ఇంజను ఇంకా నడుస్తూనే ఉందట."

"అబద్ధం. వాడు నవ్వేవాడు."

"నవ్వకపోతే మనం ఊరుకునేవాళ్లమా?"

తల్లి గోడకు చేయి ఆనించింది. "అయితే నా కొడుకును నేనే చంపుకున్నానంటావా?"

"మీరొక్కరే అనడం న్యాయం కాదు. నేనున్నాను. ఆ కారును చూసి లేచి నిలబడ్డవాళ్లందరూ ఉన్నారు. లోపల ఎలాంటి మనిషి కూర్చున్నాడో ఎవరమూ చూడలేదు. మళ్లీ అదే కోటు తొడిగి ఇతణ్ణి పంపుతున్నారు. ఈసారి నేను నోరు మూసుకోను అత్తయ్యా."

"వదినా, వదిలెయ్. అమ్మ కోసం నేను వెళ్తాను," అన్నాడు చిన్నవాడు. అతడి గొంతు చాలా నెమ్మదిగా, మర్యాదగా, అచ్చం అన్న గొంతులా వినిపించింది. ఆ గొంతు తల్లి ఎన్ని ఉదయాలు విన్నదో, విని ఎన్నిసార్లు వినిపించుకోలేదో, అప్పుడే ఆమెకు తెలిసింది.

ఆమె కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. పన్నెండేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగింది.

"అక్కడ రోజంతా ఏం చేస్తావురా?"

అతడు తెల్లబోయి తల్లిని చూశాడు. "మొన్న ఒకావిడకు కాలు బిగించాను. ఎక్కడిదాకా నడుస్తారు అంటే, ఆ తలుపుదాకా అంది. వెళ్లి తలుపు తీసింది. వేసింది. మళ్లీ తీసింది. ఎవర్నీ పిలవకుండా తలుపు తీసి రెండేళ్లయిందట. ఆరుసార్లు తీసిందమ్మా. నేను అచ్చులు పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాను."

తల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. కన్నీళ్లు తుడుచుకోలేదు.

"తర్వాత?" అంది.

అడిగింది చిన్నకొడుకునే. చూపు మాత్రం అతడి పక్కనున్న ఖాళీ జాగాలో నిలిచింది. కోడలు కూడా అటే చూసి, ఎవరో వచ్చి అక్కడ నిలబడబోతున్నట్టు, తాను కొంచెం పక్కకు జరిగింది.