చివరగా చెయ్యి పెట్టినవాళ్లు

కామేశ్వరరావుగారు రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై పన్నెండేళ్లయింది. అయినా కొత్తగూడలోని మూడో అంతస్తు ఫ్లాటును ఆయన ఇంకా స్టేషనులాగే నడుపుతున్నారని కోడలు కృష్ణప్రియ ఫిర్యాదు. ఏడుంపావుకు స్నానం, ఏడూనలభైకి టిఫిను. పాలు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే గోడ గడియారం వంక చూసి నిట్టూర్పు! ఇంట్లో ఏది పాడైనా నోటితో చెబితే చెల్లదు. ఫ్రిజ్ పక్కన పురికొసతో వేలాడే పొడుగు పుస్తకంలో తేదీ వేసి రాయాలి. ఆయన దాని కింద ‘చూశాను’ అని సంతకం పెడతారు. అంతటితో పని అయిపోయినట్టే! తన పెళ్లి ప్రస్తావన వచ్చినప్పుడు కూడా ఆయన ‘చూశాను’ అనే సంతకం పెట్టి ఉంటారని కృష్ణప్రియకు గట్టి అనుమానం.

కానీ ఆ వారం ఆమెకు నవ్వు రాలేదు. ఒక చిన్న స్టేషన్లో ప్యాసింజరు రైలు పట్టాలు మారి, ఆగివున్న గూడ్సును గుద్దుకుంది. పదకొండు మంది పోయారు. అక్కడ పట్టాలు మార్చే సిగ్నల్ పెట్టె బాగుచేస్తున్న టెక్నీషియను సాయిచంద్ కృష్ణప్రియకు సొంత తమ్ముడు. మర్నాటికే సస్పెండ్ చేశారు. పోలీసు కేసు కూడా పెడతారంటున్నారు. టీవీలో పెద్దలు ‘బాధ్యులను వదలం’ అన్నారు. ఆ బాధ్యుడెవరో కామేశ్వరరావుగారు వాళ్లకంటే ముందే తేల్చేశారు... “సిబ్బంది తప్పిదం!”

ఆదివారం పొద్దున బాలానగర్ నుంచి కృష్ణప్రియ తల్లి సక్కుబాయి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. సాయిచంద్ గడ్డం మాసి, సోఫా అంచున కూర్చున్నాడు.

“అన్నయ్యగారూ, విచారణల మీరు జర ఒక్క మాట చెప్పరాదూ... మీ మాటకు ఇలువుంటది. నా కొడుకును జైల్ల ఏస్తరంటున్నరు!” అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కామేశ్వరరావుగారు కళ్లజోడు సవరించుకున్నారు. “పెట్టె తెరిచింది ఎవరు బాబూ?”

“నేనే మామా.”

“రైళ్లు ఆపించకుండా తెరవకూడదని తెలుసు కదా?”

“తెలుసు. అరగంట బండ్లు ఆపుండ్రి, బాగుజేస్త అని మూడుసార్లు రాసిచ్చిన. బండ్లు లేటయితయి, పైనుంచి మాటలు పడాలె, గట్లనే కానియ్ అన్నరు. నలుగురు జేసే పని నేనొక్కణ్ణే జేస్తున్న మామా. కొత్తోళ్లను ఇయ్యరు...” సాయిచంద్ అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. “నా తప్పు లేదంటలేను. పదకొండు మంది... అన్నం ముంగట కూసుంటే వాళ్లే యాదికొస్తున్నరు.”

“చివరగా చెయ్యి పెట్టినవాడిదే బాధ్యత. ముప్ఫై ఏళ్లు నేను రాసిన ప్రతి రిపోర్టులోనూ అంతే.”

కృష్ణప్రియ భర్త జశ్వంత్ ఉండబట్టలేకపోయాడు. “మా ఆఫీసులో సర్వర్ ఆగితే ఎవరు ఆపారని అడగం నాన్నా, అసలు ఎలా ఆగిందని అడుగుతాం.”

“అందుకే మీ సర్వర్లు వారానికోసారి ఆగుతాయి” అన్నారు పెద్దాయన.

సక్కుబాయి కాఫీ ముట్టకుండానే లేచింది. తల్లి, తమ్ముడు లిఫ్టు ఎక్కేదాకా కృష్ణప్రియ గుమ్మంలోనే నిలబడింది. ఆ కప్పులు కడుగుతుంటే ఆమెకు కన్నీళ్లాగలేదు... కుళాయి కూడా ఆగడం లేదు, అది వేరే సంగతి!

సోమవారం పేపర్లో ప్రకటన వచ్చింది. ప్రమాదం గురించి ఏ వివరం తెలిసినవాళ్లయినా గురువారం సికింద్రాబాదులో విచారణాధికారి ముందు చెప్పవచ్చట. కృష్ణప్రియ దాన్ని కత్తిరించి పుస్తకంలో అతికించింది. సాయంత్రానికి కింద సంతకం పడింది... ‘చూశాను’!

బుధవారం ఏడు గంటలకు వంటింటి కుళాయి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. నీళ్లు ఎగజిమ్మి, హాలు దాటి, పెద్దాయన పూజ పీట దాకా వెళ్లాయి. జశ్వంత్ పరుగెత్తి వాల్వు కట్టేశాడు.

“ఎవరది? చివరగా కుళాయి ముట్టుకున్నదెవరు?” కామేశ్వరరావుగారు పంచె పైకెత్తి పట్టుకుని అరిచారు.

“నేనేనండీ మామయ్యగారూ.” కృష్ణప్రియ తడిచేతులు తుడుచుకుని పుస్తకం విప్పింది. “మూడో తారీఖు. ‘కుళాయి వదులైంది, అరగంట నీళ్లు ఆపితే బాగుచేయిస్తాను.’ మీరు చూశారు. తొమ్మిదో తారీఖు, మళ్లీ అదే. ‘స్నానం టైము తప్పుతుంది, ఇంకోరోజు’ అని రాసి సంతకం పెట్టారు. పద్నాలుగో తారీఖు, మళ్లీ చూశారు. ఇవాళ కారడం ఎక్కువైంది. నీళ్లు ఆపకుండానే బిగించబోయాను, ఊడింది. రాసేయండి... కోడలి తప్పిదం!”

ఆయన పుస్తకం అందుకున్నారు. తన మూడు సంతకాలూ చూసుకున్నారు. తడిసిన నేల మీదే నిలబడి ఆ మూడు తేదీలూ మళ్లీ చదివారు. ఆ రోజు స్నానం టైము తప్పింది. ఆయన గడియారం వంక చూడలేదు.

కావాలనే ఊడగొట్టావా అని జశ్వంత్ తర్వాత రహస్యంగా అడిగాడు. “విచారణ ఇంకా జరగలేదు కదా!” అంది కృష్ణప్రియ.

గురువారం తొమ్మిదింటికి పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు. “పద అమ్మా. ఆ పుస్తకం కూడా తీసుకో” అన్నారు. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి సికింద్రాబాదులో దిగేదాకా మరో మాట లేదు.

విచారణ గదిలో సాయిచంద్ తలవంచుకుని కూర్చున్నాడు. సక్కుబాయి గోడకు ఆనుకుని నిలబడింది. కామేశ్వరరావుగారు పేరు, హోదా చెప్పారు.

“అయ్యా, చివరగా పెట్టె తెరిచిందెవరని అడుగుతున్నారు. ఈ అబ్బాయే. తప్పే. కానీ అరగంట ఇవ్వనన్నదెవరు? ఖాళీలు నింపనిదెవరు? ఈ అబ్బాయి రాసిచ్చిన కాగితాలు ఎవరి బల్ల మీద ఆగాయి? అవి తెప్పించండి. వాటి మీద ఎవరో ఒకరు ‘చూశాను’ అని రాసే ఉంటారు. నాకు తెలుసు.” ఆయన కృష్ణప్రియ చేతిలోని పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. “పందొమ్మిదేళ్ల కిందట లింగమూర్తి అనే టెక్నీషియను కూడా ఇలాగే మూడు కాగితాలు రాశాడు. ప్రమాదం జరిగాక రిపోర్టులో ఆ కాగితాల ఊసెత్తకుండా తప్పంతా అతనిదేనని రాశాం. ఉద్యోగం పోయింది. ఆ మూడింటి మీదా ఉన్న సంతకం నాది.”

గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

“అది ఆపకండమ్మా, ఇది కూడా ఎక్కించండి” అన్నారాయన. తర్వాత సాయిచంద్ వైపు, సక్కుబాయి వైపు తిరిగి, గదిలో అందరికీ వినపడేలా అన్నారు... “తప్పు నాది. నేనే తప్పు చేశాను.”