గడపకావలి అడిగిన కారణం

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరున్న శశిపురంలో పొద్దున్నే ఎవరూ కుళాయి విప్పరు. ముందు పర్సు విప్పుతారు. మంచు కరిగించి తీసిన నీళ్ళకు 'చుక్క' అనే క్రిప్టో నాణెంతో వెల చెల్లిస్తారు. ఆ చుక్కలు ఇంటింటి డిజిటల్ పర్సుల్లో ఉంటాయి. పొదుపుగా వాడుకున్నవాళ్ళకు వారానికోసారి తలస్నానం. అంతకు మించిన వైభోగం 2094లో చంద్రుడి మీద లేదు.

ఆ పర్సును తయారు చేసింది ఏసురత్నం. దానికి కాపలా పెట్టింది డాక్టర్ మృణాళిని. ఆమె కనిపెట్టిన 'గడపకావలి' మాట్లాడే ఫైర్‌వాల్. మామూలు ఫైర్‌వాల్ పోర్టులనే దారుల నంబర్లు చూపించి ఊరుకుంటుంది. ఇది మాత్రం బయటికి పోయేదాన్నీ, లోపలికి వచ్చేదాన్నీ గడప దగ్గరే ఆపి, సంగతేమిటో తేట తెలుగులో చెబుతుంది.

వచ్చీ రాగానే అది ఓ చిక్కు తెచ్చిపెట్టింది.

"ఈ పర్సు మిగతా పర్సుల చిరునామాలు కనుక్కుంటోంది," అంది గడపకావలి. "వాటి నుంచి కొత్త లావాదేవీలు తెలుసుకుంటోంది. మీరు సంతకం చేసిన చెల్లింపును వాటికి అందిస్తోంది. పర్సు తెరిచే రహస్య తాళంచెవి గడప దాటడం లేదు. ఇంతవరకు సవ్యమే. కానీ చాలా పర్సులు రోజూ ఏదో ఒక ఇంటి పర్సు దగ్గరికి విడిగా వెళ్ళి, గుప్తభాషలో ఏదో అడిగి వస్తున్నాయి. ఎందుకో నాకు తెలియదు."

ఊరి అధ్యక్షురాలు వరహాలమ్మ మండిపడింది. "దొంగెవడైనా దూరాడేటో, రేపు సభలోగా తేల్చండి. తేలకపోతే పర్సులన్నీ మూయించేసి, నీళ్ళు పాతలాగే రేషనుకిచ్చేస్తాం."

రేషన్ రోజులు ఎవరూ మరిచిపోలేదు. అధికారి బంధువులకే బిందెలు నిండేవి.

"నేను రాసింది కాదండీ. ఎవరో చేసిన కొసరు ప్రోగ్రాం. ఊరంతా తగిలించుకున్నారు," అన్నాడు ఏసురత్నం, నిగనిగలాడే జుట్టు పీక్కుంటూ. "పదేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టేనండీ."

"పోనివ్వను," అంది మృణాళిని. "ఆ దారి మూసేద్దాం. ఏది ఆగిపోతే అదే దాని పని."

మూసేసింది. చెల్లింపులు ఆగలేదు. కుళాయిల్లో నీళ్ళూ ఆగలేదు. అయినా మధ్యాహ్నానికల్లా జనం మృణాళిని ప్రయోగశాల ముందు బారులు తీరారు. పర్సు పాడైందట. ఏం పనిచేయడం లేదని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. మృణాళినికి ఒళ్ళు మండింది.

"కారణం చెప్పందే తెరిచేది లేదు!"

చివరికి వరుసలోంచి వరహాలమ్మే ముందుకొచ్చింది.

"మీరు కూడానా?" అంది మృణాళిని.

"ఏటి చెప్పమంటావమ్మా? పక్కింటోళ్ళు ఎన్ని చుక్కలు దాచారో చూస్తాం. చూడకపోతే అన్నం సయించట్లేదు."

వరుసలో చాలామంది తలలు దించుకున్నారు. దొంగ లేడని తేలింది. ఏసురత్నం కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు సభలో పర్సులు కొనసాగించాలని తీర్మానించారు. మృణాళిని పట్టుబట్టి ఒక నియమం చేయించింది. పక్క పర్సులోకి చూడాలంటే కారణం పైకి చెప్పాలి. ఆ కారణం చూసేవాళ్ళ పేరుతో సహా అవతలి గడపకు చేరుతుంది. ఇక సిగ్గుపడి అందరూ మానేస్తారని ఆమె గట్టి నమ్మకం.

ఇంటికొచ్చి, పరీక్ష కోసమని ఆ కొసరు ప్రోగ్రాం తన పర్సుకూ తగిలించింది. ఏసురత్నం జుట్టు గుర్తొచ్చింది. ఈ మనిషికి రోజూ తలస్నానం ఎలా కుదురుతోంది? వేలు తనంతట తానే ఆయన పేరు మీదికి వెళ్ళింది.

"కారణం?" అంది గడపకావలి.

మృణాళిని గొంతు సవరించుకుంది. "భద్రతా పరిశోధన."

"పంపేముందు ఒక్క మాట. బయటి నుంచి ఎవరో తలుపు తడుతున్నారు. ఏసురత్నం గారి పర్సు. మీ దగ్గర ఎన్ని చుక్కలున్నాయో అడుగుతోంది. కారణం, భద్రతా పరిశోధన. రానివ్వమంటారా?"