బావకు తగిలే నక్షత్రం

ఆ పొద్దున పొయ్యి ముట్టించింది కోడలు యాదమ్మ. అత్త బీరమ్మ చలిజ్వరంతో గొంగడి కప్పుకొని పడుకుంది. ఇంట్లో వాళ్లిద్దరే. చిన్నకొడుకు గుర్వయ్య, అంటే యాదమ్మ మొగుడు, గొర్రెల మందను తోలుకొని అమ్రాబాద్ అడవికి పోయాడు. పెద్దకొడుకు సైదులు ఎక్కడున్నాడో తెలియదని ఊరందరికీ చెప్పారు.

తెలియకేం. సంఘంలో చేరి రజాకార్లతో కొట్లాడినవాడు సైదులు. రజాకార్లు పోయి యూనియన్ మిలిటరీ వచ్చాక సంఘపోళ్ల కోసం వెతుకులాట మొదలైంది. కాలికి తూటా తగిలి, గుట్ట వెనుక పాత గొర్రెల దొడ్డిలో దాక్కున్నాడు. రోజూ బీరమ్మే అంబలి కాచి, మేకలకు మండ మోసే గంపలో ఆకుల కింద కుండ దాచి తీసుకుపోయేది. నిన్న పోలేకపోయింది. ఇవాళ లేవబోయి గోడ పట్టుకొని కూలబడింది.

తాను పోతానంది యాదమ్మ. బీరమ్మ వద్దంది. ఎందుకు వద్దందో ఇద్దరికీ తెలుసు.

యాదమ్మది జ్యేష్ఠా నక్షత్రం. జ్యేష్ఠ అంటే పెద్ద. ఆ నక్షత్రపు పిల్ల కోడలైతే మొగుడి అన్నకు గండమంటారు. నిజానికి ఆమె ఏ రోజు పుట్టిందో ఎవరికీ తెలియదు. గొర్రెలు ఈనే కాలమని మాత్రం తల్లికి గుర్తు. పుట్టుక తెలియనివాళ్లకు పేరే దిక్కు కాబట్టి, పెళ్లికి లగ్నం పెట్టిన అయ్యవారు పేరులో మొదటి అక్షరం పట్టుకొని జ్యేష్ఠ అని తేల్చాడు. యాదగిరి నర్సింహస్వామికి మొక్కుకుంటే పుట్టిందని కన్నవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. దేవుడి పేరు పెట్టిన పాపానికి పిల్లకు గండం అంటగట్టారు. మన లెక్కలు ఇట్లాగే ఉంటాయి.

అప్పటికే మాట ఇచ్చారు కాబట్టి పెళ్లి ఆగలేదు. కానీ బావకు వండకూడదు, వడ్డించకూడదు అని బీరమ్మ కట్టడి చేసింది. సైదులు సంఘంలోకి పోయిన రోజూ, తూటా తగిలిన రోజూ ఆ నక్షత్రాన్నే తిట్టింది. యాదమ్మ అన్నీ విని ఊరుకుంది.

"నీ చేతి కూడు నా కొడుక్కొద్దు. పోయినవంటే, అటే తల్లిగారింటికి పో" అంది బీరమ్మ.

"పోతనత్తా. గీ అంబలి ఇచ్చొచ్చి పోతా. నా నక్షత్రం సంపుతదో లేదో నాకెరుక లేదు. ఆకలైతే సంపుతది."

"వానికేమన్నైతే?"

"నిన్నటి సంది ఉపాసమున్నడు. గదెవరి నక్షత్రం?"

బీరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. యాదమ్మ గంప నెత్తికెత్తుకుంది.

బడి దగ్గర మిలిటరీ సిపాయి ఒకడు ఆపి, గంపలోని మండను కర్రతో పైపైన కదిపాడు. ఆడవాళ్లు మండ మోయడం వాడు రోజూ చూసేదే కాబట్టి పొమ్మన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి బీరమ్మ జ్వరంతోనే గడపలో కూర్చొని ఉంది. యాదమ్మ లోపలికి పోయి, తన చీరలు రెండు మూట కట్టుకోసాగింది. ఇచ్చొచ్చి పోతానన్న మాట తప్పే మనిషి కాదు. బీరమ్మ ఉండబట్టలేక అడిగింది.

"తిన్నడా?"

"అడుగు దాక తాగిండు."

"నిన్ను జూసి ఏమన్నడు? ఎవరు పంపిండ్రని అడగలేదా?"

"అడిగిండు. అమ్మనే కాసి పంపిందని చెప్పిన. జరమొచ్చింది, తగ్గంగనే వస్తదన్న."

వద్దన్నది తాను. కన్నకొడుకు ఆకలికి అడ్డం పడింది తాను. ఆ కొడుకు ముందు తల్లి పరువు నిలబెట్టి వచ్చింది ఈ పిల్ల. సిగ్గుతో, దుఃఖంతో ఆమె కళ్లు నిండాయి. గోడ పట్టుకొని లేచి, కోడలి చేతిలోని మూట లాక్కొని విప్పేసింది.

"రేపు గూడ నువ్వే పో బిడ్డా. యాదమ్మ వండింది, యాదమ్మ తెచ్చిందని చెప్పు. ముసల్ది వద్దన్నదని గూడ చెప్పు."