డెక్కలోంచి పిలుపు

సరస్సు ఒడ్డున మా కొగేరో రేవులో పొద్దు వాలే వేళంటే ఎప్పుడూ సందడే. ఆడవాళ్ళు ఎండిన ఓమెనా చేపల్ని గోనెల్లోకి ఎత్తుకుంటూ ఉంటారు. మగవాళ్ళు వలలు సర్దుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఉంటారు. ఆ ఏడు మాత్రం రేవులో నీళ్ళే కనిపించలేదు. గట్టు మీంచి చూపు ఆనినంత మేరా గుర్రపుడెక్క. దట్టమైన పచ్చటి ఆకులు, పైన లేత ఊదారంగు పూలు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పచ్చికబయలనుకుని అడుగు వేసేస్తారు.

మా అన్న ఓబుయా దాని మధ్యలోనే పోయాడు.

తెల్లవారుజామున వల తీయడానికి వెళ్ళాడు. గాలి తిరిగింది. గాలి తిరిగితే డెక్కా కదులుతుంది, ఊరంత తెప్ప ఒక్కసారిగా. అది వచ్చి పడవని చుట్టేసింది. పొద్దెక్కాక గట్టు మీంచి మాకు అన్న కనిపిస్తూనే ఉన్నాడు. చొక్కా విప్పి ఊపుతున్నాడు. అరుస్తున్నాడు. ఆ ఆకుల మీద నడవలేం, వాటి కింద ఈదలేం. పడవ వేస్తే కాస్త దూరం పోకముందే తెడ్డు చిక్కుకుపోయేది. కత్తులతో నరుక్కుంటూ వెళ్ళాం. నరికిన దారి మా వెనకాలే మూసుకుపోయింది.

మా వదిన అగోలా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "కూర్చో! ఊరికే అరవకు, ఓపిక పోతుంది, కూర్చో!" అని కేకలు పెడుతూనే ఉంది. సాయంత్రానికి అన్న గొంతు సన్నబడింది. చీకటి పడ్డాక వినిపించలేదు. తెల్లారి చూస్తే పడవా లేదు, అన్నా లేడు. ఆకులే.

శవం దొరక్కపోతే మేం లువో తెగవాళ్ళం యాగో చెట్టు కాయని పూడ్చిపెడతాం. మనిషికి బదులు కాయ. పెద్దలు ఆ మాటే అన్నారు. వదిన ఒప్పుకోలేదు.

"కాయకి నా మొగుడి పేరు పెట్టి మట్టి కప్పమంటారా? రేపది మొలిస్తే దానితో కాపురం చెయ్యనా?"

"పూడ్చకపోతే వాడు తిరుగుతాడమ్మా," అన్నాడు ముసలి రాడింగ్.

"తిరగనివ్వు తాతా. ఇల్లు తెలుసుగా, వస్తాడు."

రేవు బాగుచెయ్యడానికి మేం గుంపు కడితే అందరికంటే ముందు వదినే వచ్చింది. దంతెలతో డెక్కని లాగి గట్టున కుప్పలు పోసేవాళ్ళం, ఎండాక తగలబెట్టేవాళ్ళం. ఒక్క పిలక నీళ్ళలో మిగిలినా మళ్ళీ సంసారం పెట్టేస్తుంది. వదిన ప్రతి మొక్కనీ పైకెత్తి వేళ్ళు విదిలించి చూసేది. ఏం వెతుకుతోందో మాకు తెలుసు. ఎవరమూ అడగలేదు. ఓసారి కూతురు అకెయో ఆ పువ్వు కోసి చెవి వెనక పెట్టుకుంటే, లాగి కాలికింద నలిపేసింది. పిల్ల ఏడ్చింది. కాసేపటికి వదినా ఏడ్చింది.

పరిశోధన కేంద్రం నుంచి ఒక అమ్మాయి డెక్కని తినే పురుగుల్ని డబ్బాల్లో తెచ్చి వదిలింది. రాడింగ్ తాత ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని పగలబడి నవ్వాడు.

"పేనంత లేదు, ఇది సరస్సుని మేస్తుందా? నా మనవలు ముసలాళ్ళయ్యాక వచ్చి చెప్పు తల్లీ."

"టైం పడుతుంది తాతా. అవి తినేలోగా మీరు పెరకడం మానకండి," అంది ఆ అమ్మాయి.

మేం మానలేదు.

ఒక సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయారు. నేనూ వదినా ఆఖరి కుప్ప లాగుతున్నాం. వెలుతురు పలచబడుతోంది. గాలి లేదు. కుళ్ళిన వేళ్ళ వాసన గొంతులో పట్టేస్తోంది. ఆకుల కింద ఎక్కడో బుడగలు లేచి పగులుతున్నాయి. కప్పలు ఒకటే గోల. ఉన్నట్టుండి అవి ఆగిపోయాయి.

టక్... టక్...

తెడ్డుతో పడవ అంచుని కొడుతున్న చప్పుడు.

వదిన చేతిలోంచి దంతె జారింది. "విన్నావా?"

"నీటిగుర్రం ఏదో అయ్యుంటుంది వదినా."

"నీటిగుర్రం తెడ్డు వేస్తుందా ఒగ్వెనో?"

మా ఎదురుగా డెక్క విడిపోయింది. ఎవరూ నరకలేదు. పడవ పట్టేటంత నల్లటి నీటిదారి, లోపలికి.

"అగోలా..."

అన్న గొంతే. ఆ రోజు సాయంత్రం సన్నబడిందే, అచ్చం ఆ గొంతే.

నేను తేరుకునేలోగా వదిన గట్టునున్న పడవెక్కేసింది. నేనూ దూకాను. ఒంటరిగా ఎలా పోనిస్తాను? ఇంట్లో పిల్ల ఉంది.

లోపలికి పోయేకొద్దీ చలి. రెండు పక్కలా ఆకులు కదలకుండా మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి. దారి చివర అన్న పడవ సగం మునిగి ఉంది. దాని అంచుని పట్టుకుని వేళ్ళు. నల్లగా, నానిపోయి, పొడుగ్గా... డెక్క వేళ్ళే అనుకున్నాను. అలాగే అనుకోవాలనుకున్నాను.

"వచ్చాను, ఇదిగో," అంది వదిన మెల్లగా. చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!"

అవి ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. పడవ ఒరిగింది. వెనక ఆకులు రాసుకుంటున్న చప్పుడు... దారి మూసుకుంటోంది. పడవలో ఉన్న కత్తి ఎత్తాను. నరకలేకపోయాను. అవి మొక్కవో... మా అన్నవో...

"అన్నా," అన్నాను. "అకెయో చిన్నపిల్ల. దానికి అమ్మని కూడా లేకుండా చెయ్యకు."

బుడగలు కూడా ఆగిపోయాయి.

తర్వాత నీళ్ళలోంచి, చాలా దగ్గరగా...

"తిన్నదా?"

వదిన వెక్కుతూ చెప్పింది. "తిన్నది. ఉగాలి ముద్ద, ఓమెనా కూర. నాన్నేడీ అని అడిగింది."

పట్టు సడలింది. గట్టువైపు డెక్క ఒక్కొక్క మొక్కే నీళ్ళలోకి దిగిపోయింది, ఎవరో అడుగునుంచి లాగేస్తున్నట్టు. ఆ దారినే తెడ్డు వేశాను. నేను వెనక్కి చూడలేదు. వదిన చూస్తూనే ఉంది.

మర్నాడు తనే పెద్దల దగ్గరికెళ్ళి కాయ పూడ్చమంది. ఇంటి ముందే పూడ్చాం. మట్టి మీద అరచెయ్యి ఆనించి, "అక్కడ చలి. ఇక్కడ ఎండ తగులుతుంది," అంది. అంతే.

పురుగులు గెలిచాయి. రాడింగ్ తాత బతికుండగానే చూశాడు. ఆకులకి చిల్లులు పడి, ఎండిపోయి, తెప్పలు ముక్కలై గాలికి కొట్టుకుపోయాయి. నీళ్ళు తేటపడ్డాయి. అన్న పడవ కోసం, కనీసం ఎముకల కోసం వెతికాం. ఏమీ దొరకలేదు. వేట మళ్ళీ మొదలైంది. మేం మాత్రం గట్టు వెంట తిరుగుతూ కొత్త పిలకల్ని పెరికేస్తూనే ఉన్నాం. గింజలు బురదలో ఏళ్ళ తరబడి చావకుండా పడుంటాయట.

నిన్న సాయంత్రం నేనూ వదినా అదే పనిలో ఉన్నాం. సరస్సు మీద ఒక్క ఆకు లేదు, ఒక్క పడవ లేదు. నడినీళ్ళ మీంచి పిలుపు వినిపించింది.

"అకెయో... ఇలా రా తల్లీ..."

అన్న గొంతు కాదు. వదిన గొంతు.

వదిన నా పక్కనే ఉంది. పెదాలు బిగించి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

వెనక, ఇంటి గుమ్మంలోంచి పిల్ల పలికింది.

"వస్తున్నానమ్మా..."