ఎర్ర దుప్పటి అని వెతికితే

మూడో మనిషి కూడా 'ఎర్ర దుప్పటి' అని సరిగ్గానే టైప్ చేశాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అయినా చంపేశారు.

"వీడితో ముగ్గురు," అన్నాడు పెద్దసారు, ఫోటోని టేబుల్ మీద బోర్లించి. గూఢచారి విభాగానికి ఆయనే చీఫ్. చావు కబురు చెప్పేటప్పుడు కూడా టై ముడి సవరించుకునే రకం.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని విభాగంలో అందరూ మొండి అంటారు. నలభై ఏడేళ్ళు. పదహారు మిషన్లు. భుజంలో ఒక బుల్లెట్ మచ్చ. చచ్చిపోయిన మూడో మనిషికి కారు నడపడం నేర్పింది అతనే.

దుప్పట్ల సంగతి ముందు చెప్పాలి. విదేశాల్లో పనిచేసే ఏజెంట్ల కోసం విభాగం ఒక వెబ్‌సైట్ నడుపుతోంది. పైకి అది దుప్పట్లు అమ్మే దుకాణం. సాయంత్రం నాలుగింటికి, పది నిమిషాల పాటు, ఏజెంట్ అందులో 'తెల్ల దుప్పటి' అని వెతికితే ఆ రోజు తలదాచుకోవాల్సిన ఇంటి అడ్రస్ వస్తుంది. ఆ ఇల్లు రోజూ మారుతుంది. ఏ రోజు ఏ ఇల్లో కంప్యూటర్‌కి తప్ప హెడ్డాఫీసులో ఎవరికీ తెలియదు. ఒకవేళ ఏజెంట్ శత్రువులకి చిక్కి, వాళ్ళు తలకి తుపాకీ ఆనించి సైట్ తెరవమన్నారనుకోండి. అప్పుడు 'ఎర్ర దుప్పటి' అని వెతకాలి. సైట్ దొంగ అడ్రస్ చూపిస్తుంది. శత్రువులు మనవాణ్ణి వెంటేసుకుని అక్కడికి వెళ్తారు. అక్కడ మన కమాండోలు కాచుకుని ఉంటారు. అదీ ఏర్పాటు.

"ముగ్గురూ ఎర్ర దుప్పటే వెతికారు. ఎవరేం వెతికారో సైట్ రాసుకునే లాగ్‌లో ఉంది," అన్నాడు పెద్దసారు. "అయినా శత్రువులు సరాసరి అసలు ఇంటికే వెళ్ళారు. ఆ ఇంట్లోవాళ్ళనీ, మనవాణ్ణీ కలిపి లేపేశారు."

"సైట్‌లోనే లోపమేమో?"

"చాన్సే లేదు. రెండువందల పన్నెండు టెస్టులు. అన్నీ గ్రీన్. ఆరుగురం సంతకాలు పెట్టాం. టెస్టింగ్ ఆఫీసులో ఎవడో సైట్‌లోంచి అడ్రస్‌లు లాగి అమ్ముకుంటున్నాడు. నువ్వు ట్రెయినీగా చేరు. వాణ్ణి పట్టుకో."

"ఇప్పుడు ఫీల్డ్‌లో ఎవరున్నారు?"

పెద్దసారు టై ముడి ముట్టుకున్నాడు. "నీ బావమరిది."

మొండి కుర్చీలోంచి లేచాడు. వాణ్ణి ఈ ఉద్యోగంలోకి లాగింది తనే. పెళ్ళాం వద్దు మొర్రో అన్నా వినలేదు. "మా తమ్ముడికేమైనా అయితే నీ మొహం చూడను," అని ఆవిడ తెగేసి చెప్పిన రోజు నుంచీ ఇంట్లో మాటలు 'అన్నం పెట్టనా', 'పెట్టు' దాకానే.

"వాణ్ణి వెనక్కి పిలిపించండి."

"పిలిస్తే నాలుగేళ్ళ ఆపరేషన్ మట్టిగొట్టుకుపోతుంది. ముందు నువ్వు ఆ దొంగని పట్టుకో."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఒక పెన్ను ఇచ్చారు. అది రాయదు, మాటలు రికార్డ్ చేస్తుంది. ఇంకా ఉత్తుత్తి కళ్ళజోడు, జుట్టుకి నల్లరంగు, మెడలో 'ఫ్రెషర్' అని ట్యాగ్. నలభై ఏడేళ్ళ ఫ్రెషర్! లిఫ్ట్‌లో ఎవరో అయ్యో పాపం అన్నట్టు చూసి దారిచ్చారు. పదహారు మిషన్లలో ఏ శత్రువూ అతన్ని అంత అవమానించలేదు.

టెస్టింగ్ ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. ఒకటే పెద్ద హాలు. ఏసీ కారే చోట ఒక ప్లాస్టిక్ బకెట్. గోడకి పెద్ద టీవీ, దాని నిండా రెండువందల పన్నెండు పచ్చ చుక్కలు. వచ్చేపోయే పెద్దలు ఆ చుక్కల ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు.

టెస్ట్ లీడ్‌ని అందరూ మేడమ్ అంటారు. నల్ల కళ్ళద్దాలు తలమీదకి నెట్టుకుని, ఎత్తు మడమల చెప్పులతో ఆవిడ నడిచొస్తుంటే హాల్లో సగంమంది టైపింగ్ ఆపేసేవాళ్ళు. ఆవిడ మొండి పక్కకి కుర్చీ లాక్కుని స్క్రీన్ చూపించింది.

ఏజెంట్ లాగిన్ అయి ఉన్నాడనుకుంటే
అతను "ఎర్ర దుప్పటి" అని వెతికితే
అప్పుడు "దొంగ అడ్రస్" కనిపించాలి

"ఇంతేనా?" అన్నాడు మొండి.

"ఇంతే. దీన్ని బిహేవియర్ టెస్టింగ్ అంటారు. సైట్ ఎలా నడుచుకోవాలో మామూలు మాటల్లో రాస్తాం. ముందు పరిస్థితి, తర్వాత పని, ఆ తర్వాత ఫలితం. సంతకాలు పెట్టే పెద్దలకి కూడా అర్థం కావాలి కదా!" మేడమ్ నవ్వింది. "ప్రతి వాక్యం వెనకాలా ఒక కోడ్ ముక్క ఉంటుంది. దాన్ని స్టెప్ అంటాం. వాక్యం చెప్పింది నిజమో కాదో చూసేది అదే. నిజమైతే గ్రీన్. కాకపోతే ఎరుపు. ఆ వాక్యానికి అసలు స్టెప్పే లేకపోతే పసుపు."

మొదటి రోజు మొండి రాసినవన్నీ పసుపే. ఉన్న స్టెప్‌కి సరిపోయేట్టు రాయకుండా సొంత కవిత్వం రాసేవాడు. రెండో రోజు అన్నీ ఎరుపు. తల పట్టుకుని కూర్చుంటే పక్క సీటు పిన్ని జాలిపడింది. పిన్ని అంటే ఆ ఆఫీసులో అందరికన్నా పాత ప్రోగ్రామర్. రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది. వేడినీళ్ళ ఫ్లాస్క్ లేకుండా ఎక్కడా కనిపించదు.

"పేజీ తెరుచుకోకముందే వెతికితే ఏం దొరుకుతుంది నాయనా? కాసేపు ఆగమని స్టెప్‌కి చెప్పు. ఎరుపంటే భయపడకు. అది తిట్టినా నిజమే చెబుతుంది," అంది.

ఇలా పాఠాలు నేర్చుకుంటూనే అయిదు రోజులు గూఢచర్యం వెలగబెట్టాడు. సొరుగులు వెతికాడు. చెత్తబుట్టలు కెలికాడు. ఒక గుమస్తా వెంట మూడు కిలోమీటర్లు నడిచి, అతను పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడని కనిపెట్టాడు. అడ్రస్‌లు అమ్మేవాడి జాడే లేదు.

ఆరో రోజు మధ్యాహ్నం విసుగొచ్చి ఆ ఎర్ర దుప్పటి టెస్టే మళ్ళీ తెరిచాడు. ఎరుపు ఎలా వస్తుందో చూద్దామని 'దొంగ అడ్రస్' చెరిపేసి, ఆ చోట ఒళ్ళుమండి 'మా అత్తగారిల్లు' అని కొట్టాడు. రన్ చేశాడు.

గ్రీన్.

'చంద్రమండలం' అని కొట్టాడు. గ్రీన్. కొటేషన్లలో ఏమీ లేకుండా వదిలేశాడు. అయినా గ్రీన్.

వాక్యం వెనక స్టెప్ తెరిచి చూశాడు. పేరుంది. తెరిచే బ్రాకెట్టు ఉంది, మూసే బ్రాకెట్టు ఉంది. మధ్యలో ఏమీ లేదు.

"పిన్నీ, ఇదేంటి?"

పిన్ని కళ్ళజోడు పైకి జరుపుకుంది. "ఖాళీ స్టెప్. అది ఏమీ చూడదు. చూడనిది తప్పెలా పడుతుంది? ఎప్పుడూ గ్రీనే."

"నీకు ముందే తెలుసా?"

"బాగుచేస్తానని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మేడమ్ అవసరం లేదని తిప్పికొట్టింది. ఖాళీ చేసింది మాత్రం ఆవిడ కాదు. ఎవరెప్పుడు ఏం మార్చారో ఈ హిస్టరీలో ఉంటుంది, చూడు."

రెండేళ్ళ కిందటి ఎంట్రీ. లాగిన్ పెద్దసారుది. కింద ఒక నోట్: 'రేపు ప్రారంభోత్సవం. ఎరుపు కనిపించకూడదు. తాత్కాలికంగా తీసేశాం.'

తాత్కాలికంగా! అడ్రస్‌లు ఎవరూ అమ్మలేదు. అసలు అడ్రస్‌ని సైటే స్వయంగా శత్రువుల చేతిలో పెట్టింది, మూడుసార్లు.

జేబులో ఫోన్ అదిరింది. పెద్దసారు.

"గొడుగు తడిసింది."

ఏజెంట్ శత్రువులకి చిక్కాడని దానర్థం. గోడ గడియారంలో టైమ్ మూడూ ఇరవై నాలుగు.

"భయం లేదు," అన్నాడు పెద్దసారు. "మీవాడు ఎర్ర దుప్పటి వెతుకుతాడు. కమాండోలు రెడీ."

"సార్, సైట్ అసలు అడ్రసే చూపిస్తుంది. ఆ టెస్ట్ ఖాళీ. మీరే ఖాళీ చేశారు."

"అన్నీ గ్రీన్ కదయ్యా," అని నీళ్ళు నమిలి ఫోన్ పెట్టేశాడు.

మొండి మెడలో ట్యాగ్ లాగి పారేశాడు. "పిన్నీ, నేను ఫ్రెషర్‌ని కాను."

"తెలుసు. ఫ్రెషర్లెవరూ చెప్పింది ఇంత శ్రద్ధగా వినరు. విషయం చెప్పు."

చెప్పాడు. పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సైట్ ఆపేద్దామా?"

"ఖాళీ పేజీ కనిపిస్తే వాణ్ణి అక్కడే కాల్చేస్తారు. దొంగ అడ్రస్ కనిపించాలి. నాలుగింటికల్లా."

పిన్ని వేళ్ళు పరుగెత్తాయి. ముందు స్టెప్ నింపింది: పేజీ మీద అడ్రస్ చదువు, వాక్యంలో ఉన్నదానితో పోల్చు. రన్ చేసింది. ఎరుపు. 'కావలసింది దొంగ అడ్రస్, కనిపించింది అసలు అడ్రస్.' రెండేళ్ళలో ఆ టెస్ట్ నిజం చెప్పడం అదే మొదటిసారి.

ఇక సైట్ మీద పడ్డారు. పదిహేను నిమిషాలకి దొరికింది. ప్రారంభోత్సవానికి ముందు సైట్‌ని అందంగా మార్చేటప్పుడు దొంగ అడ్రస్ పేజీని వేరే చోటికి జరిపారు. పాత దారి మార్చడం మర్చిపోయారు. ఆ పేజీ దొరక్కపోతే సైట్ తన దగ్గరున్న అసలు అడ్రసే ఇచ్చేస్తోంది. పిన్ని దారి కలిపింది. మూడూ యాభై ఒకటి.

"ఇప్పుడు మొత్తం టెస్టులు నడవాలి. ఏడు నిమిషాలు. అన్నీ గ్రీనైతే దానంతటదే సైట్‌కి ఎక్కుతుంది," అంది పిన్ని. టీవీ మీద చుక్కలు ఒక్కొక్కటీ వెలగసాగాయి.

యాభై... తొంభై... నూట నలభై...

"చేతులు కీబోర్డ్ మీద నుంచి తియ్యండి."

సెంటు వాసన. వెనక్కి తిరిగితే మేడమ్. కళ్ళద్దాలు తలమీదే ఉన్నాయి. చేతిలో చిన్న పిస్టల్. మిగతా స్టాఫ్ అంతా నాలుగింటి టీకి కిందికి దిగిపోయారు.

మొండి జేబులో పెన్ను నొక్కాడు. ఆవిడ చేత మాట్లాడించాలి. "ఆ స్టెప్ సంగతి శత్రువులకి అమ్మింది నువ్వే."

"నేను అమ్మింది ఏజెంట్ల పేర్లు. ఎవరిని పట్టుకోవాలో నేను చెప్పాను. ఎక్కడికి వెళ్ళాలో మీ సైటే చెప్పింది." మేడమ్ నవ్వలేదు. "చేరిన వారంలోనే ఆ మూడు లైన్లు చదివాను. నిజమేనా అని ఒక్కసారి చేసి చూశాను. మీ పెద్దలు ఆరుగురు సంతకాలు పెట్టారు. ఒక్కడంటే ఒక్కడు చేసి చూడలేదు. నన్ను ద్రోహి అనండి, పడతాను. వాళ్ళనేమంటారు?"

మొండి ఓరకంట టీవీ వైపు చూశాడు.

రెండువందల రెండు... రెండువందల ఏడు...

మేడమ్ టీవీ చూసింది. రన్ ఆపడానికి కీబోర్డ్ మీదకి చెయ్యి చాపింది. పిన్ని ఫ్లాస్క్ మూత అప్పటికే తీసి ఉంది. వేడినీళ్ళు నేరుగా ఆ చేతి మీద పడ్డాయి. కేక. పిస్టల్ పేలింది, టీవీ భళ్ళున పగిలింది. మొండి ఆవిడ మణికట్టు విరిచి నేలకి అదిమిపెట్టాడు.

"పిన్నీ! అయిందా?"

పిన్ని తన స్క్రీన్‌లోకి వంగి చూసింది. "మూడూ యాభై తొమ్మిది. రెండువందల పన్నెండు. సైట్‌కి ఎక్కింది."

నాలుగూ ఒకటికి లాగ్‌లో ఒక వరస వచ్చింది: 'ఎర్ర దుప్పటి'. ఆ తర్వాత ముప్పావుగంట ఏమీ లేదు. మొండి కుర్చీలోంచి లేవలేదు.

ఫోన్ మోగింది.

"బావా," అంది నీరసమైన గొంతు. "దుప్పటి అందింది. కొంచెం చిరిగిందంతే."

మొండి ఏడ్చాడు. పదహారు మిషన్లలో ఏడవనివాడు, వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు పెద్దసారు పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆ మర్నాడు, "అందులో ఏమీ వినపడలేదయ్యా," అన్నాడు. వారానికి నివేదిక తయారైంది: 'ఎర్ర దుప్పటి వ్యవస్థ దిగ్విజయం.' ఖాళీ స్టెప్ మాటగానీ, గుట్టుచప్పుడు కాకుండా జైల్లో పెట్టిన మేడమ్ మాటగానీ అందులో ఎక్కడా లేదు. పెద్దసారుకి మెడల్ వచ్చింది. చనిపోయిన ముగ్గురి ఇళ్ళకీ ఉత్తరాలు వెళ్ళాయి, 'సాంకేతిక కారణాల వల్ల' అని.

ఇంట్లో పెళ్ళాం కంచం పెట్టి, ఎన్నాళ్ళకో ఎదురుగా కూర్చుంది. "తమ్ముడు ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు," అంది. గ్లాసులో నీళ్ళు పోస్తూ అడిగింది. "మిగతా ముగ్గురికీ కూడా అక్కచెల్లెళ్ళు ఉండే ఉంటారు కదా?"

మొండి కంచం పక్కకి జరిపి లేచాడు.

పొద్దున్నే టెస్టింగ్ ఆఫీసుకి వెళ్ళి, పిన్ని పక్కన కూర్చుని, కొత్త టెస్ట్ ఒకటి రాశాడు.

చీఫ్ తన గదిలో ఉన్నాడనుకుంటే
ముగ్గురు ఎందుకు చచ్చారని అడిగితే
అప్పుడు "తప్పు నాదే" అని చెప్పాలి

స్టెప్ ఖాళీగా వదల్లేదు. పెద్దసారు రాసే ప్రతి నివేదికలోనూ ఆ మాట ఉందేమో వెతకమని పిన్ని చేత రాయించాడు. అది ఎర్రబడినా సైట్ పని ఆగకుండా పిన్ని ఏర్పాటు చేసింది. రన్ చేస్తే ఎరుపు.

ఇప్పుడు మొత్తం టెస్టులు రెండువందల పదమూడు. రిపోర్టు రోజూ పొద్దున్నే ఆ ఆరుగురు పెద్దలకీ వెళ్తోంది, అన్నిటికన్నా పైన ఆ ఎర్ర చుక్కతోనే. నలభై రోజులైంది. రోజూ సాయంత్రానికల్లా ఆరు సంతకాలతో తిరిగొస్తోంది: 'చూశాం. అన్నీ గ్రీన్.'