లేని దీవి నుంచి పిలుపు

ఆఫ్ చేసి ఉన్న రేడియో సెట్టు మీద చెయ్యి పెట్టి, కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు ముసలి మెకానిక్.

"పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు," అన్నాడు చీఫ్. "ప్లగ్గు గోడకి పెట్టే లేదు. బల్ల కింద చుట్ట చుట్టి ఉంది. నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాడు ప్లగ్గు పెట్టని సెట్టు ముట్టుకుని ఎలా పోతాడయ్యా?"

ఏజెంట్ సూది ఫోటోలు తిరగేశాడు. సూదిలా సన్నగా ఉంటాడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"చివరగా ఏం పని చేశాడు సర్?"

"నల్ల పెట్టెలు. పన్నెండు. అరచేతిలో పట్టేంతవి. ఊళ్ళో హామ్‌లున్నారు కదా, లైసెన్సు తీసుకుని సరదాకి ఇంట్లోంచి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళంతా చందాలేసుకుని స్కూళ్ళలో సైన్సు ప్రాజెక్టులకి ఒక ఫండ్ నడుపుతున్నారు. ఈసారి పన్నెండు స్కూళ్ళకి వాతావరణ బెలూన్లు. రేపు పదకొండింటికి అన్నీ ఒకేసారి ఎగరేస్తారు. ఒక్కోదానికీ ఒక నల్ల పెట్టె."

"పెద్ద చందా ఎవరిది?"

"విదేశీ దాత. పేరు వెనక పేరు, దాని వెనక ఇంకో పేరు. తవ్వుకుంటూ పోతే రాబందు ముఠా." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "రేపు పదకొండుంపావుకి ఒక విమానం దిగుతోంది. అరవై రెండు మంది. అందులో ఒకడు రాబందు గుట్టంతా చెప్పడానికి వస్తున్నాడు. రేపు పొగమంచు ఖాయమంటున్నారు."

సూదికి అర్థమైంది. పొగమంచులో విమానం రేడియోని నమ్ముకుని దిగుతుంది. సరిగ్గా అప్పుడు పైనుంచి పన్నెండు పెట్టెలు గోల మొదలుపెడితే పైలట్ గుడ్డివాడూ చెవిటివాడూ అయిపోతాడు.

"లోపల మనవాళ్ళు?"

"కోకిల. ఆరేళ్ళుగా ఆ ఫండ్ సెక్రటరీ. మెకానిక్ పోయాడని కబురు పంపింది కూడా ఆవిడే. రుజువు లేకుండా పిల్లల బెలూన్లూ ఆపలేం, విమానమూ ఆపలేం; ఆడిటర్‌లా వెళ్ళి ఒక పెట్టె విప్పించు."

* * *

మర్నాడు పదిన్నరకి సూది ఫండ్ ఆఫీసు మెట్లెక్కాడు. అంటించుకున్న మీసం, చంకలో ఫైలు, ఆడిటర్ వేషం. అప్పటికే అక్కడ ఒక ఫిజిక్స్ టీచరు కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ఒళ్ళో నల్ల పెట్టె.

"నలభై గ్రాములు ఎక్కువుంది," అంటోంది ఆవిడ. "బెలూన్‌కి ప్రతి గ్రామూ లెక్కే కదమ్మా. కాగితంలో ఒకటి రాసి పెట్టెలో ఇంకోటి పెడితే పిల్లలకి ఏం చెప్పను? మా బెలూన్‌కి ఇది కట్టొద్దని చెప్పే వచ్చాను."

ఎదురుగా కోకిల. బూడిదరంగు సూటు, ఎర్రటి పెదవులు, ఊళ్ళో హామ్‌లందరూ చెవులప్పగించే గొంతు.

"పైన గాలి ఎలా ఉందండీ?" అన్నాడు సూది. అది కోడ్.

"మాటలు మోసేంత ఉంది," అంది కోకిల. అది జవాబు. "సమయానికొచ్చారు. ఆ పెట్టెని కింద షీల్డ్ గదిలో విప్పి చూడండి. ఫోన్లు ఇక్కడ పెట్టండి, కొలతలు చెడతాయి. టీచరుగారూ, మీరూ రండి."

మూతపడ్డ రేడియో ఫ్యాక్టరీ వాళ్ళు ఫండ్‌కి దానమిచ్చిన గది అది. ఆరడుగుల ఇనుప డబ్బా. లోపలి రేడియో బయటికి వినిపించదు, బయటిది లోపలికి రాదు. పరికరాల పరీక్షకి వాడతారు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. పెట్టె బల్ల మీద పెట్టారు.

వెనక తలుపు మూసుకుంది. బయట గడియ దిగిన చప్పుడు.

"సూదీ," గాలి వచ్చే జల్లెడలోంచి కోకిల గొంతు. "ఏమనుకోకు. పని అయ్యాక మెకానిక్ నోరు మూయించాల్సొచ్చింది. ఆ కబురు నేను చెప్పకపోతే ఇంకెవరో చెప్పి, నన్నే అనుమానించేవాళ్ళు. రాబందు జీతం బాగుంటుంది. అలమరలో ఒక చేతి రేడియో, హ్యాండ్‌సెట్ ఉంది, పొద్దుపోకపోతే ఆడుకోండి. ఆ గదిలో అది బొమ్మే."

ఫ్యాను ఆగింది. లైటు ఆరింది.

సూది వాచీలో టార్చి వెలిగించాడు. పది నలభై రెండు.

"అంటే," అంది టీచరు నెమ్మదిగా, "మనల్ని ఇందులో పడేసి వెళ్ళిందా?"

"అంతేనండీ. నేను ఆడిటర్ని కాదు."

"అది మీసం చూసినప్పుడే అనుకున్నా నాయనా. ఓ పక్క ఊడింది."

అతని జేబులో పెన్ను ట్రాన్స్‌మిటర్, కాలర్లో బటన్ ట్రాన్స్‌మిటర్, బెల్టులో ఇంకోటి. ఇనుప గోడల మధ్య మూడూ దండగ. పిస్టల్ ఉంది. ఇక్కడ పేలిస్తే తూటా గోడలకి కొట్టుకుంటూ మనుషుల్ని వెతుక్కుంటుంది. తలుపుని భుజంతో రెండుసార్లు గుద్దాడు. తలుపు కదల్లేదు, భుజం కదిలింది.

"పెట్టెలో ఏముందో చూద్దాం పట్టు," అంది టీచరు.

చెప్పు మడమలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి సూది మూత విప్పాడు. గడియారం చిప్పు, రిసీవరు, చుట్టూ రేడియోల్ని పనిచెయ్యనివ్వని నలభై గ్రాముల జామర్. టీచరు కళ్ళజోడు పైకెత్తి సర్క్యూట్ మీదికి వంగి, చిప్పు పక్కన మెకానిక్ అంటించిన చీటీ చదివింది.

"ఇది పదకొండూ పదికి మేలుకుని ఒక్క నిమిషం వింటుంది. మా బెలూన్ల ఛానెల్లోనే. కోడ్ అందితే జామర్ ఆన్. అందకపోతే మళ్ళీ పడుకుంటుంది, ఇక లేవదు."

"కోడ్ ఎవరు పంపుతారో తెలిసిందే. పై అంతస్తులో పెద్ద స్టేషన్ ఉంది."

గదిలో గాలి బరువెక్కుతోంది. చొక్కా వీపుకి అతుక్కుంది. టీచరు చెయ్యి చాచి తలుపు అంచుని తడిమింది. తలుపుకీ చట్రానికీ మధ్య సందు లేకుండా నొక్కిపట్టే రాగి పళ్ళ పట్టీ.

"ఈ గదికి ప్రాణం ఇదే. మా ఛానెల్ అల పొడుగు రెండు మీటర్లు. అందులో సగం, ఒక్క మీటరు మేర ఈ పట్టీ పీకేస్తే ఆ చీలికే ఏంటెన్నా. అక్కడ పెట్టి మాట్లాడితే సన్నగానైనా బయటికి పోతుంది."

పీకడం మొదలుపెట్టారు. ఒకరు మర విప్పితే ఒకరు లాగడం. రాగి పళ్ళు గోళ్ళ కింద దిగాయి. టార్చి మసకబారింది. పదకొండైంది. ఊళ్ళో ఎక్కడెక్కడో బెలూన్లు లేచే ఉంటాయి. పదకొండూ నాలుగుకి హ్యాండ్‌సెట్ బరబరమని గొంతు పట్టుకుంది.

"...ఫండ్ తరఫున అందరికీ నమస్కారం," కోకిల కంఠం తేనె కారుతోంది. "బెలూన్లు బ్రహ్మాండంగా పైకి వెళ్తున్నాయి."

సూది దాన్ని చీలిక దగ్గర పెట్టి మాట్లాడే బటన్ నొక్కాడు. "ఎమర్జెన్సీ. ఎమర్జెన్సీ. బెలూన్లలో జామర్లున్నాయి. ఫండ్ ఆఫీసులో బందీలుగా ఉన్నాం. పోలీసులకి చెప్పండి."

ఒక పెద్దాయన గొంతు: "ఎవరో ఎమర్జెన్సీ అంటున్నారు మేడమ్. బాగా సన్నగా ఉంది."

"ఎవడో ఆకతాయి సర్. దొంగ స్టేషన్. దయచేసి ఎవరూ జవాబివ్వకండి. పదకొండూ పన్నెండు దాకా ఛానెల్ ఖాళీగా ఉంచుదాం. పిల్లల డేటా రావాలి కదా."

"అలాగే మేడమ్. పిల్లల కోసం."

ఇక ఒక్క గొంతూ లేదు. సూది మళ్ళీ పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. ఊరంతా వింటోంది, ఊరంతా నోరు మూసుకుంది.

"మంచివాళ్ళు బాబూ వీళ్ళు," అంది టీచరు గోడకి చేరగిలబడి. "పిల్లల కోసమంటే ఊపిరి కూడా బిగపడతారు. అదే ఇప్పుడు కొంప ముంచుతోంది."

పదకొండూ ఏడు.

"మీ బెలూన్లకి ఈ ఊళ్ళో అందరి మాటా వినిపిస్తుందా?"

"పైనున్నదానికి అందరూ సమానమే. ఎవరు పిలిచినా గట్టిగానే వినపడతారు."

"అయితే అందరూ ఒకేసారి మాట్లాడితే ఆవిడ కోడ్ ఆ గోలలో మునిగిపోతుంది. నిజం చెప్తే నోరు తెరవట్లేదు. ఏం చెప్తే తెరుస్తారు?"

టీచరు చీకట్లో చిన్నగా నవ్వింది.

"మా ఆయనా హామే. మా అమ్మాయి పుట్టిన రోజున ఆస్పత్రి బయట కార్లో కూర్చుని ఒక దీవి స్టేషన్ని పిలుస్తున్నాడు. పదేళ్ళకోసారి వినిపించే దీవి. ఎప్పుడూ దొరకని స్టేషన్ దొరికితే వీళ్ళకి ఒళ్ళు తెలీదు. నాలుగ్గంటలు పిలిచాడు. పాప పుట్టిందని నర్సు అద్దం కొట్టి చెప్తే 'ష్' అన్నాడు నాయనా."

"సన్నగా ఉంటే నమ్ముతారా?"

"సన్నగా ఉంటేనే నమ్ముతారు. పైగా ఇలాంటి పొగమంచులో దూరపు సిగ్నళ్ళు గాలి పొరల్లోంచి జారి వస్తాయి. ఏ దీవి చెప్తావ్?"

"లేనిది. ఉన్నదైతే ఎవడో ఒకడు ఆ గొంతు ఎరిగినవాడుంటాడు."

"దీవుల లిస్టులో లేకపోతే..." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "నిన్ననే ఎక్కిందేమో అనుకుంటారు. ముందు పిలుస్తారు, తర్వాత లిస్టు చూస్తారు."

సూది తన జీవితంలో బిచ్చగాడి వేషం వేశాడు, బిషప్ వేషం వేశాడు. దీవి వేషం ఇదే మొదలు. పదకొండూ తొమ్మిది దాటి యాభై సెకన్లకి గొంతు మార్చి, నోట్లోకొచ్చిన అక్షరాలూ అంకెలూ కలిపి, స్టేషన్ పేరుగా చెప్పుకునే ఒక కాల్‌సైన్ పలికాడు.

"...దక్షిణ సముద్రం. జనాభా రెండు వందలు. రెండు నిమిషాలే ఉంటాం. ఎవరైనా వింటున్నారా?"

ఒక సెకను. రెండు. మూడు.

"మేడమ్, క్షమించాలి," అన్నాడు ఇందాకటి పెద్దాయన, తన కాల్‌సైన్ గబగబా అరిచేశాడు.

అంతే. గట్టు తెగింది. పదీ, యాభై, వంద గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పదకొండూ పది. పెట్టెలో చిన్న ఎర్రలైటు వెలిగింది. గోల అడుగున కోకిల పంపే కోడ్ కిచకిచమని ఒకసారి వినిపించి మునిగిపోయింది. మళ్ళీ పంపింది. మళ్ళీ మునిగింది.

"ఆపండి. అది దొంగ స్టేషన్. లైసెన్సులు రద్దు చేయిస్తాను. అందరివీ."

ముప్పై సెకన్లు. గొంతులు తడబడ్డాయి. ఒకరొకరే తగ్గుతున్నారు. హ్యాండ్‌సెట్ బ్యాటరీ గుర్తు కొట్టుకుంటోంది.

"ఒకరికి జవాబివ్వు," టీచరు అతని మోచెయ్యి పట్టుకుంది. "సగమే వినిపించినట్టు."

"చివర ఏడు ఉన్న స్టేషన్," అన్నాడు సూది. "ఏడు. మళ్ళీ పిలవండి."

ఏడు ఉన్నవాళ్ళూ పిలిచారు, లేనివాళ్ళూ పిలిచారు. ఆ హోరులో కోకిలే కాదు, పిడుగు పడినా వినిపించదు. యాభై సెకన్లు. యాభై ఎనిమిది. హ్యాండ్‌సెట్ చచ్చిపోయింది.

ఎర్రలైటు ఆరిపోయింది.

ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. ఆరు నిమిషాల తర్వాత ఇనుప పైకప్పు సన్నగా వణికింది. విమానం. కిందికి, ఇంకా కిందికి, మెల్లగా, తొందరేమీ లేనట్టు. టీచరు అతని మణికట్టు విరిచేసేంత గట్టిగా పట్టుకుంది. చప్పుడు దూరంగా సాగి, నేలను తాకి, సద్దుమణిగింది.

మెట్ల మీద హైహీల్స్ అడుగులు.

"పక్కకి జరగండి టీచరుగారూ."

గడియ లేచిన మరుక్షణం సూది భుజం మళ్ళీ తలుపుని గుద్దింది. ఈసారి తలుపే కదిలింది. దాని వెనకున్న కోకిల గోడకి కొట్టుకుని కూలబడింది. ఆవిడ చేతిలోని పిస్టల్ జారి మెట్ల దాకా పోయి, ఒక ముసలాయన బూటు దగ్గర ఆగింది. ఆయన చేతిలో సిగ్నల్ వచ్చే దిక్కు పట్టే నిచ్చెనలాంటి ఏంటెన్నా, వెనక ఇరవై మంది హామ్‌లు, అందరి మొహాలూ మండిపోతున్నాయి.

"దీవి ఇక్కడుందా?" అన్నాడు ఆయన, రేడియోలో విన్న పెద్దాయన గొంతుతోనే. "ఏంటెన్నా ఎటు తిప్పినా ఈ బిల్డింగే చూపిస్తోంది. ఎవడా దొంగ?" అంతలో చీకట్లోంచి వస్తున్న భార్యని చూశాడు. "నువ్విక్కడేం చేస్తున్నావే?"

"మీతోనే మాట్లాడుతున్నామండీ, ఇందాకట్నించీ," అంది టీచరు. "ముందు ఆవిడ చేతులు పట్టుకోండి."

* * *

వారం తర్వాత చీఫ్ బల్ల మీద గోనెసంచి బోర్లించాడు. ఉత్తరాలు.

"మూడొందల నలభై. రేడియోలో మాట్లాడుకున్నందుకు గుర్తుగా ఒకరికొకరు కార్డులు పంపుకుంటారట కదా. నీ దీవి కార్డు కావాలిట అందరికీ. ఒక్కో కవర్లో స్కూళ్ళకి చందా కూడా పెట్టారు, మీ టీచరమ్మ షరతట. వచ్చే ఏడాది బెలూన్లకి ఇది చాలంటోంది." చీఫ్ ఒక కవరు ఎత్తి దీపానికి అడ్డం పెట్టి చూశాడు. "అది దొంగ కాల్ అనీ, అలాంటి దీవే లేదనీ మనం అందరికీ చెప్పాంగా?"

"చెప్పాం సర్. చెప్పిన మర్నాటి నుంచే ఎగబడుతున్నారు."

"ఎందుకయ్యా?"

కలం మూత తీసి మొదటి కార్డు దగ్గరకి లాక్కున్నాడు సూది.

"లేని దీవి కంటే దొరకని స్టేషన్ ఇంకేముంటుంది సర్?"